నేరం పొయ్యిదేనా?

1995 జనవరి 8 రాత్రి మా పాలకొల్లులో తూర్పు దిక్కున ఆకాశం ఎర్రబడింది. వేళ కాని వేళ పొద్దు పొడుస్తున్నట్టు ఉంది. మేడలున్నవాళ్ళు మేడలెక్కారు, లేనివాళ్ళు కాలవ గట్టెక్కారు. వశిష్ఠ గోదావరికి అవతల, కోనసీమలో, పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ తవ్వుతున్న 19వ నంబరు బావిలోంచి గ్యాసు తన్నుకొచ్చి అంటుకుందని తరవాత తెలిసింది. ఆ మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. అమెరికా నుంచి నిపుణులొచ్చారు. మార్చి 15న ఆర్పగలిగారు. ఈలోపు భోగి వచ్చింది, సంక్రాంతి వచ్చింది, కనుమ వెళ్ళింది. భోగి నాడు చీకటితో లేచి వీధిలో మంట వేసుకుంటుంటే ఏటి అవతలి ఎరుపు ముందు మా మంట వెలవెలబోయింది. పిడకల దండలు నిప్పులో వేయాల్సిన పిల్లలు అటు తిరిగి నిలబడిపోయారు.

కొన్నాళ్ళకి భయం తగ్గి అది చూడాల్సిన వింత అయింది. బస్సుల్లో, లారీల్లో జనం వెళ్ళి చూసొచ్చారు. చూసొచ్చిన మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని 'అచ్చం అగ్నిపర్వతమే' అని చెప్పేవారు. పేపర్లూ ఆ మాటే వాడాయి. మా పక్కింటి మామ్మగారు మాత్రం ఒప్పుకోలేదు. "అగ్నిపర్వతం అంటే కొండ ఉండాలి గదే? మనకి కొండేదీ? పట్టుమని పదడుగుల మెరక లేదు ఈ సీమలో" అంది.

ఆవిడ ప్రశ్నకి నేనప్పుడు నవ్వాను. జవాబు చాలా ఏళ్ళ తరవాత దొరికింది. కొండ ఉంది, మన కాళ్ళ కింద ఉంది.

రాజమండ్రి పక్కన కాతేరులోనూ, గోదావరికి ఇవతలి ఒడ్డున పంగిడి, గౌరీపట్నం క్వారీల్లోనూ కనిపించే నల్లరాయి అగ్నిపర్వతాల నుంచి వచ్చిన లావా. దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట పడమటి కనుమల వైపు నేల చీలి పొంగిన లావా, అప్పటి నదుల లోయలు పట్టుకుని సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడ దాకా వచ్చిందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెపుతున్నారు. ప్రపంచంలో తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో దీన్ని లెక్కేస్తారు. డెల్టాలోకి దిగేసరికి ఆ రాయి ఒండ్రు కింద లోతుకి పోతుంది. గ్యాసు కోసం తవ్విన బావుల్లో అది మళ్ళీ తగిలింది. అలా తగిలిన పొరకి శాస్త్రజ్ఞులు రాజోలు పొర అని పేరు పెట్టారు. దాని మీదుండే మట్టిరాతి పొరకి పాలకొల్లు షేల్ అని పేరు. ఆ పైదాని పేరు పాశర్లపూడి పొర.

ఇది చదివిన రోజు నాకు ఆనందం కలిగింది, వెంటనే కోపమూ వచ్చింది. మా ఊరి పేరు ప్రపంచ భూగర్భ శాస్త్ర పత్రికల్లో ఉంది. మా ఊళ్ళో ఎవరికీ ఆ సంగతి తెలియదు. పాలకొల్లు అంటే క్షీరారామం, రాజగోపురం, కొబ్బరికాయలు, సినిమా వాళ్ళు. ఊరి పేరు తీసుకెళ్ళి రాయికి పెట్టుకున్నవాళ్ళు ఆ రాయి గురించి ఊరికి ఒక ముక్క చెప్పలేదు. పేరు పెట్టడమంటే ఏమిటో ఆడవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదనుకుంటాను. పెళ్ళి నాడు అత్తింటి వాళ్ళు పేరు మార్చేటప్పుడు మనల్ని ఎవరడిగారు?

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. పాశర్లపూడి మంటకీ ఆ పాత లావాకీ సంబంధం లేదు. కోట్ల ఏళ్ళ కిందట బురదలో పూడిపోయిన జీవపదార్థం లోతున ఉడికి గ్యాసుగా మారి, పైపొరల బరువు కింద ఒత్తిడితో చిక్కుకుని ఉంటుంది. బావి తవ్వేటప్పుడు బరువైన బురద ద్రావణాన్ని లోపలికి పంపిస్తూ ఆ ఒత్తిడిని అణిచి ఉంచుతారు. ఆ అదుపు తప్పితే గ్యాసు పైకి ఎగదన్నుతుంది, నిప్పు తగిలితే మండుతుంది. కాబట్టి అది అగ్నిపర్వతం కాదు, మనుషులు చేసిన పని. 'అగ్నిపర్వతం' అన్న పోలిక నాకు అందుకే నచ్చదు. ఆ మాట అనగానే అది దైవికం అయిపోతుంది, జవాబు చెప్పాల్సినవాళ్ళు ఉండరు. మామ్మగారు ఆ పోలికని ఒప్పుకోకపోవడంలో ఆవిడకి తెలియకుండానే ఒక న్యాయం ఉంది.

అయితే అగ్నిపర్వతంతో పాలకొల్లుకి ఇంకో పాత చుట్టరికం ఉంది. పదిహేడో శతాబ్దం మొదట్లో డచ్చి కంపెనీ వాళ్ళు ఇక్కడ కోఠీ పెట్టుకున్నారు. మధ్యలో చేతులు మారినా 1825లో ఇంగ్లీషువాళ్ళ చేతికి పూర్తిగా వెళ్ళేదాకా వాళ్ళ నీడ ఈ ఊరి మీద ఉంది. వాళ్ళకి కావలసింది మన గుడ్డ. కోరమాండల్ తీరం గుడ్డ ఇచ్చి తూర్పు దీవుల్లో జాజికాయ, జాపత్రి, లవంగం కొనుక్కునేవారు. జాజికాయ పండే బండా దీవుల మధ్య సముద్రంలోంచి లేచిన అగ్నిపర్వతం ఒకటుంది. దాని పేరు గునుంగ్ ఆపి. వాళ్ళ భాషలో గునుంగ్ అంటే కొండ, ఆపి అంటే నిప్పు. ఆ కొండ కింద బతికిన బండా జనాన్ని 1621లో డచ్చివాళ్ళు ఊచకోత కోశారు, మిగిలినవాళ్ళని బానిసలుగా తరలించారు. కొండ చేయని పని కంపెనీ చేసింది. మన వైపు రాట్నం మీద నూలు వడికిన ఆడవాళ్ళకి ఆ గుడ్డ ఎక్కడికి పోతోందో తెలియదు. అక్కడ ఆ గుడ్డ కట్టుకున్నవాళ్ళకి దాన్ని వడికినవాళ్ళెవరో తెలియదు. రెండు వైపులా తెలిసినది కంపెనీ గుమస్తా ఒక్కడికే. అతను రాసిపెట్టినది మూటల సంఖ్య, ధర, ఓడ పేరు. ప్రమాదం గురించి రాశాడంటే అది సరుకుకి వచ్చే ప్రమాదమే.

ఈ గుమస్తా రాతని గుర్తు పెట్టుకుని మన డెల్టాలో ప్రమాదం గురించి ఎవరు, ఎవరికి, ఏ భాషలో చెపుతున్నారో చూద్దాం.

గోదావరి వరద భాష అడుగుల్లో ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలంలో అవే 43, 48, 53. ఒకప్పుడు విజయవాడ రేడియో ప్రాంతీయ వార్తల్లో ఈ అంకెలు వినేవాళ్ళం, తరవాత టీవీ కింద పరుగెత్తే అక్షరాల్లో చదివాం, ఇప్పుడు సెల్‌ఫోన్‌లో వస్తున్నాయి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది, ధవళేశ్వరంలో 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో భద్రాచలంలో మళ్ళీ 71.3 అడుగులు. ఈ అంకెలు నాకు కంఠతా వచ్చు. కాని క్యూసెక్కు అంటే ఎంతో గంపెత్తుకుని లంకలో పొలానికి పోయే మనిషికి ఎవరూ చూపించలేదు.

లంకల్లో ఆడవాళ్ళు ఆ అంకెల్ని పనుల్లోకి తర్జుమా చేసుకున్నారు. ఈ సంగతి నాకు యలమంచిలి మండలం లంకల వైపు తిరిగినప్పుడు అర్థమైంది. వరద వస్తే కనకాయలంక కాజ్‌వే మునిగిపోతుంది, తరవాత పడవే దారి. అక్కడ మొదటి హెచ్చరిక అంటే కట్టెలూ పిడకలూ అటకెక్కాలి, బియ్యం డబ్బా ఎత్తున పెట్టాలి. నెలలు నిండిన పిల్ల ఉంటే ఆ రోజే ఏరు దాటించి పుట్టింటికి చేర్చాలి. రెండోదంటే పశువుల్ని గట్టు మీదికి తోలాలి. రేషన్ కార్డు, పొలం కాగితాలు, బ్యాంకు పుస్తకం ఒక మూట. మూడోదంటే ఆ మూట చంకనేసుకుని మనుషులు కదలాలి. ముసలివాళ్ళు అంకెల్ని కూడా నమ్మరు. నీళ్ళ రంగు చూస్తారు, ఎన్నో మెట్టు మునిగిందో చూస్తారు, కొట్టుకొచ్చే దుంగల్ని బట్టి పైన ఎంత వాన పడిందో అంచనా కడతారు. "రేడియో చెప్పినాక సర్దుకుంటే ఏం మిగుల్తాదండీ" అన్నారు ఒకావిడ.

గట్టు మీదికి చేరాక మొదలయ్యే ఇంకో ప్రమాదం ఏ బులెటిన్‌లోనూ రాదు. ఆడవాళ్ళు బయటికి వెళ్ళడానికి చాటు ఉండదు. చీకటి పడేదాకా ఆపుకుంటారు, నీళ్ళు తాగడం మానేస్తారు. బహిష్టు గుడ్డలు ఉతికి ఆరేసుకునే చోటుండదు. పులిహోర పొట్లాలు పంచిన ఫోటోలు పేపర్లో వస్తాయి. మూడో హెచ్చరిక విని కూడా కొందరు ఇల్లు కదలరెందుకని అధికారులు విసుక్కుంటారు. గట్టు మీది రాత్రి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు ఆలోచించే పద్ధతి వేరు. మొండితనమనీ అజ్ఞానమనీ మనం పేరు పెట్టేదాని వెనక చాలాసార్లు ఇలాంటి లెక్క ఉంటుంది.

తుఫాను భాష నంబర్లలో ఉంటుంది. రేవులో ఒకటి నుంచి పదకొండు దాకా ప్రమాద సూచికలు ఎగరేస్తారు. పదో నంబరు అంటే మహాప్రమాదం అని అందరికీ తెలుసు. పదకొండు ఏమిటో చాలా రోజులు నాకు తెలియదు. హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి అని దానర్థం. కబురు అందడం లేదన్న సంగతిని కూడా ఒక సూచికగా పెట్టుకున్నందుకు ఆ పద్ధతి చేసినవాళ్ళని మెచ్చుకోవాలి. మన ఊళ్ళకే ఆ పదకొండో నంబరు లేదు. కబురందని ఊరు నిశ్శబ్దంగా ఉంటుంది, ఆ నిశ్శబ్దాన్ని క్షేమమని రాసుకుంటారు.

1996 నవంబరు 6 తుఫాను కాకినాడకి దక్షిణాన తీరం దాటిన రాత్రి అలాంటి నిశ్శబ్దమే. సముద్రంలోకి వెళ్ళిన బోట్లకి కబురందలేదు. చనిపోయినవాళ్ళు వెయ్యి మందికి పైగా అని లెక్క తేలింది. ఆచూకీ లేనివాళ్ళు ఇంకా ఎందరో. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మత్స్యకార గ్రామాల్లో భర్త శవం దొరకని ఆడవాళ్ళు మిగిలిపోయారు. శవం లేని మనిషి చనిపోయినట్టు ఒప్పుకోవాలంటే చట్టం ప్రకారం మామూలుగా ఏడేళ్ళు ఆగాలి. బొట్టు తియ్యమని ఊరంటుంది, సర్టిఫికెట్ లేదని ఆఫీసు అంటుంది. కబురు అందించలేకపోయినవాళ్ళని ఎవరూ రుజువులు అడగలేదు.

ఆడవాళ్ళ అనుభవజ్ఞానం అనగానే దానికి దండేసి దండం పెట్టే అలవాటు మన పత్రికల్లో కొంత ఉంది. నాకు ఆ ధోరణి ఇబ్బందిగా ఉంటుంది. చీమలు గుడ్లు మోసుకుపోవడం, తూనీగలు కిందికి దిగడం వాన సంగతి చెప్పగలవేమో గాని ఉప్పెన సంగతి చెప్పలేవు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు ఎవరి అనుభవమూ అక్కరకి రాలేదు. పదివేల మంది దాకా పోయారు. అంతకుముందు ఆ తీరంలో అంతటి ఉప్పెన 1864లో బందరుని ముంచినది. అప్పుడు ముప్ఫైవేల మంది పోయారంటారు. ఈ రెంటికీ మధ్య 113 ఏళ్ళు. అమ్మమ్మ చెప్పిన కథ మనవరాలి దాకా వస్తుంది, మునిమనవరాలి దగ్గర అది పాటో సామెతో అవుతుంది, ఆ తరవాత మాయమైపోతుంది. అంత దూరం గుర్తుంచుకోవడానికి కాగితం కావాలి, కొలత కావాలి, సైన్సు కావాలి. సైన్సు వద్దని నేనెప్పుడూ అనను. సైన్సు మాతో మాట్లాడలేదన్నదే నా ఫిర్యాదు.

ఈ మతిమరుపు మన ఒక్కరిదే కాదు. కొలంబియాలో నెవాడో దెల్ రూయిజ్ అనే అగ్నిపర్వతం ఉంది. 1985 నవంబరు 13 రాత్రి అది పేలి, శిఖరం మీది మంచు కరిగి, ఆ నీరూ బూడిదా కలిసిన బురద వరద ఏటి వెంట దిగి ఆర్మెరో అనే పట్టణాన్ని కప్పేసింది. సుమారు 23 వేల మంది పోయారు. 1845లో అదే కొండ నుంచి, అదే ఏటి వెంట బురద వచ్చి వెయ్యి మంది దాకా చనిపోయారు. ఆ బురద ఎండిన నేల మీదే ఆర్మెరో కట్టుకున్నారు. మధ్యలో 140 ఏళ్ళు. ఇక్కడ మాత్రం సైన్సు నిద్రపోలేదు. ఏ ఊరు మునగవచ్చో చూపించే పటం నెల రోజుల ముందే తయారైంది. ఆ మధ్యాహ్నం ఆర్మెరోలో బూడిద రాలింది. కంగారుపడొద్దు, ఇళ్ళల్లో ఉండండి అని రేడియోలో, చర్చి మైకులో చెప్పారు. జనం ఇళ్ళల్లో ఉన్నారు.

ఆ చావులు చూసి కదిలిపోయినవాళ్ళలో కాట్యా క్రాఫ్ట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఒకరు. ఆమె, భర్త మోరిస్ అగ్నిపర్వతాల దగ్గరికి వెళ్ళి ఫోటోలు, సినిమాలు తీసేవారు. అంకెలూ పటాలూ చూసి కదలని మనుషులు బొమ్మ చూస్తే కదులుతారని, ఏ రకం ప్రమాదం ఎలా ముంచుకొస్తుందో చూపించే వీడియో తయారు చేశారు. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో పేలబోతున్న రోజుల్లో, ఇంకా పూర్తికాని ఆ వీడియోని అధికారులకీ, ప్రజలకీ చూపించారు. దాన్ని చూశాకే చాలామంది ఊళ్ళు ఖాళీ చేయడానికి ఒప్పుకున్నారంటారు. ఆ జూన్ 15న పినటుబో పేలింది. కాట్యా అప్పటికే లేదు. జూన్ 3న జపాన్‌లో ఉన్‌జెన్ అగ్నిపర్వతం దగ్గర భర్తతో పాటు చనిపోయింది. చాలాచోట్ల ఆమెని మోరిస్ భార్యగానే పరిచయం చేస్తారు. ఆమె చదివింది భూరసాయన శాస్త్రం.

'కంగారుపడొద్దు' అన్న మాట పాశర్లపూడి రోజుల్లో మేమూ విన్నాం. ఆ 65 రోజులూ మా వీధిలో కుళాయి దగ్గర, గుడిలో, రైలు స్టేషన్లో ఆడవాళ్ళు ఏవేవో అనుకునేవారు. భూమిలో గ్యాసంతా కాలిపోయాక అక్కడ గుల్ల అవుతుందట. కోనసీమ కుంగి సముద్రంలో కలిసిపోతుందట. నూతుల్లోకి గ్యాసు వస్తుందట, చేదతో పాటు నిప్పు వస్తుందట. వదంతులు నమ్మవద్దని అధికారులు చెప్పేవారు. ఆ 'అట'ని నేను చాలాసార్లు తలచుకున్నాను. అధికారి చెప్తే సమాచారం, విలేకరి రాస్తే వార్త, ఆడది చెప్తే వదంతి. వీటిలో ఏది నిజమన్నది మాట ఎవరి నోట వచ్చిందన్నదాని మీద ఆధారపడదు గదా.

నూతిలో నిప్పు రాలేదు. కోనసీమ మునగలేదు. కాని ఆ భయంలో ఉన్న ప్రశ్న పిచ్చిది కాదు. 2009లో ప్రపంచంలోని 33 డెల్టాలని పరిశీలించిన శాస్త్రజ్ఞుల బృందం చాలా డెల్టాలు కుంగుతున్నాయని రాసింది. పరిశీలించినవాటిలో మన గోదావరి, కృష్ణ డెల్టాలు ఉన్నాయి. ఆనకట్టలూ రిజర్వాయర్లూ ఒండ్రుని పైనే ఆపేయడం, కింద నుంచి నీరూ నూనే గ్యాసూ తోడెయ్యడం ప్రపంచవ్యాప్తంగా ఇందుకు కారణాలని వాళ్ళు చెప్పారు. ఒక్కో డెల్టాలో ఏది ఎంత అన్నది వేరే చర్చ. కుళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు అడిగింది 'నేల లోపలి నుంచి తీసేస్తే నేల ఏమవుతుంది' అనే. అది ప్రశ్న రూపంలో ఉంటే పరిశోధన అయ్యేది. 'అట' రూపంలో ఉంది కాబట్టి వదంతి అయింది.

ఇక నగరం సంగతి. ఈ వ్యాసం రాయడానికి కారణం నిజానికి అదే.

పాశర్లపూడికి దగ్గర్లోనే, మామిడికుదురు మండలంలో నగరం అనే ఊరుంది. తాటిపాక నుంచి బయల్దేరిన గెయిల్ గ్యాసు పైపులైను ఆ ఊరి ఇళ్ళ పక్క నుంచీ కొబ్బరి తోటల్లోంచీ వెళుతుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున ఆ పైపు పగిలి గ్యాసు ఊరంతా కమ్ముకుని భగ్గుమంది. ఇరవై మందికి పైగా చనిపోయారు. చాలామంది నిద్రలో ఉన్నవాళ్ళు. ఆడవాళ్ళు, పిల్లలు ఉన్నారు. ఇళ్ళు, పశువులు, నిలబడ్డ కొబ్బరిచెట్లు మాడిపోయాయి.

మర్నాడు పేపర్లలో, టీవీల్లో ఒక వాక్యం వచ్చింది. టీ కొట్లో పొయ్యి వెలిగించడంతో మంటలు చెలరేగాయి అని. ఆ వాక్యంలో అబద్ధం లేకపోవచ్చు. గ్యాసు కమ్మిన ఊళ్ళో ఏదో ఒక నిప్పురవ్వ ఉండి తీరాలి. కాని వాక్యం నిర్మాణం చూడండి. అందులో పని చేసినది పొయ్యి. పైపు లేదు, కంపెనీ లేదు, ఏళ్ళ తరబడి తుప్పు పట్టిన సంగతి లేదు. వాసన వస్తోందని ముందే చెప్పామని ఊరివాళ్ళు విలేకరులతో అన్న మాట ఆ వార్తల్లోనే కింది పేరాల్లో ఎక్కడో ఉంది. తరవాత కేంద్ర పెట్రోలియం శాఖ వేసిన విచారణలో, పొడి గ్యాసు కోసం వేసిన పైపులో నీరూ ఇతర ద్రవాలూ కలిసిన తడి గ్యాసుని పంపడం వల్ల లోపలి నుంచి తినేసిందని తేలింది. ఆ మాట వచ్చేసరికి పొయ్యి కథ జనం మనసులో స్థిరపడిపోయింది. ఇప్పటికీ నగరం సంగతి ఎత్తితే 'ఎవరో టీ పెట్టడానికి అగ్గిపుల్ల గీశారటగా' అంటారు.

ఆ టీ కొట్లో పొయ్యి ఎవరు వెలిగించారన్నది నా ప్రశ్న కాదు. ఆ వేళకి ఈ సీమలో ప్రతి ఇంట్లోనూ ఆడది లేచి ఉంటుంది. వాకిలి చిమ్మి, కళ్ళాపి చల్లి, పొయ్యి రాజేస్తుంది. టీ కొట్టు పొయ్యి కాకపోతే ఇంకో నిమిషానికి ఏదో ఇంటి పొయ్యి. రోజూ చేసే పనిని నేరం స్థానంలో నిలబెట్టడం మనకి కొత్త కాదు. ఎన్నో వంటింటి చావుల్లో 'స్టవ్ పేలింది' అన్న వాక్యం ఎవర్ని కాపాడిందో స్త్రీల ఉద్యమాలు ఎనభైలలోనే చెప్పాయి. నగరంలో చంపినది వేరే. ఇక్కడ చేతులు వేరు, ఉద్దేశాలు వేరు. పొయ్యి మీదికి తోసేసే వాక్యం మాత్రం అదే.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ గ్యాసు మా నేల కింద నుంచి తీసి కరెంటుకీ ఎరువులకీ ఎక్కడెక్కడికో పంపుతున్న రోజుల్లో మా పల్లెల్లో ఆడవాళ్ళు కొబ్బరి మట్టలు, డొక్కలు, పిడకలతో వండుకున్నారు. 1999లో దీపం పథకం వచ్చి పేదింటి ఆడవాళ్ళ పేరున సిలిండరు ఇచ్చేదాకా చాలా ఇళ్ళల్లో గ్యాసు పొయ్యి లేదు. సిలిండరు వచ్చాక కూడా అది అయిపోతే మళ్ళీ నింపించడానికి డబ్బుల్లేక మట్టల పొయ్యి ఆరలేదు. ఇంటి వెనకగా గ్యాసు గొట్టం, ఇంటి ముందు పొగ. ఆ పొగతో వచ్చిన దగ్గుని ఎవరూ పారిశ్రామిక ప్రమాదం అనలేదు.

సిలిండరు గ్యాసుకి వాసన ఉండదు, కారితే తెలియాలని దానికి ఘాటైన వాసన కలుపుతారు. దూరాలకి గ్యాసు మోసే పెద్ద పైపుల్లో మామూలుగా ఆ వాసన కలపరు. కాబట్టి ఊరి మధ్య నుంచి పోయే పైపు కారితే పసిగట్టడానికి యంత్రాలుండాలి, మనుషులుండాలి. నగరంలో ఊరివాళ్ళ ముక్కులు ఆ పని చేశాయి. వాళ్ళు చెప్పారు. చెప్పిన మాటని రాసుకునే పుస్తకం ఎక్కడుందో, దాన్ని చూసేదెవరో వాళ్ళకి తెలియదు.

కొన్నాళ్ళ కిందట ఆ వైపు చుట్టాలింటికి వెళ్ళాను. పైపులైను పోయే దారిలో హద్దురాయి లాంటి స్తంభం పాతి ఉంది. దాని మీద ఫోన్ నంబరు ఎండకి వెలిసిపోయి రెండు అంకెలు కనబడటం లేదు. చుట్టాలావిడ దానికి గేదెని కట్టేస్తుంది. పాలకొల్లు పేరున్న రాతిపొర సంగతి, రాజోలు కింది లావా సంగతి ఆవిడకి చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే ఊరి పేరు పెట్టుకునేముందు అడిగారా ఎవర్నన్నా?" అంది. అడగలేదన్నాను.

మర్నాడు తెల్లవారుజామున వంటింట్లో అలికిడై మెలకువ వచ్చింది. ఆవిడ లైటు వెయ్యలేదు. పెరటి తలుపు బార్లా తీసి గుమ్మంలో నిలబడింది. తల కొంచెం పైకెత్తి గాలి పీల్చింది. కాసేపు ఆగి ఇటు వచ్చి కిటికీ తీసి అక్కడా పీల్చింది. నగరం అయిన దగ్గర్నుంచీ రోజూ ఇంతేనట, కోడలికీ నేర్పిందట. తరవాత లైటు వేసి, అగ్గిపెట్టె వెతుక్కుని పొయ్యి వెలిగించింది. నాకు కాఫీలో పంచదార ఎంతో అడిగింది.